ఆరు వారాల నిదానం

మా బావ ఏ షేరు కొన్నా, కొన్న మర్నాటి నుంచి అది పడుకునేది. ఏళ్ళ తరబడి లేచేది కాదు. అందుకే తెలిసినవాళ్ళంతా ఆయన్ని తాబేలు అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. మొహం మీద అలా పిలిచే ధైర్యం ఉన్నదీ నాకే. అక్క మొగుణ్ణి ఆటపట్టించకపోతే ఇక బావమరిదిగా పుట్టి ఏం ప్రయోజనం?

ఆయన వృత్తి గురించి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పదిమందీ వద్దని పారేసిన కంపెనీని వెతికి పట్టుకోవాలి. దాని అసలు విలువ ఎంతో ఎవరినీ అడక్కుండా తనే లెక్కగట్టుకోవాలి. అందులో సగం ధరకు దొరికితే కొనాలి. కొన్నాక లోకానికి తెలివొచ్చేదాకా కూర్చోవాలి. ఈ నాలుగింటిలో కూర్చోవడమే కష్టం అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఇంటి వెనక గదిలో అలాగే కూర్చున్నాడు. గోడ పొడవునా కంపెనీల వార్షిక నివేదికలు, ఒక బల్ల, ఒక కిటికీ. తన డబ్బుతోపాటు ఓ ముప్ఫైమంది తెలిసినవాళ్ళ డబ్బూ ఆయన చేతిలో ఉండేది. అందులో నాది కూడా కొంత ఉంది.

నేను బడిపిల్లల వ్యాను నడుపుతాను. వేసవిలో రెండు నెలలు బడి ఉండదు కాబట్టి ఆ రెండు నెలలూ బావకి నేనే సారథిని. పెట్రోలు ఆయనది, వాగుడు నాది. ఎక్కడెక్కడో ఫ్యాక్టరీల ముందు వ్యాను ఆపుకుని, లోపలికి ఏం పోతోంది, బయటికి ఏం వస్తోంది అని చూస్తూ కూర్చునేవాళ్ళం. కంపెనీ కాగితం మీద ఏం రాసినా ఆయన తన కళ్ళతో చూస్తేగానీ నమ్మడు.

ఆ వేసవిలో మేము ఎక్కువగా వెళ్ళింది సూదుల ఫ్యాక్టరీకి. కుట్టుమిషన్ల సూదులు చేసే పాత ఫ్యాక్టరీ అది, ఇంటి నుంచి గంటన్నర దూరం. ఆరేళ్ళ కిందట ఆ షేరు కొన్నది మా అక్క మాట మీద. అక్క ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. "మిగతావి మందపు గుడ్డ మీద పుటుక్కున విరుగుతాయండీ, ఇదొక్కటే నెల్లాళ్ళు నిలుస్తుంది" అని ఓ రోజు బావకి సూది చూపించింది. బావ ఆ సూదిని చొక్కా జేబులో పెట్టుకుని మూడు నెలలు దాని గురించే చదివాడు. ఆ తర్వాత ఒక్కో షేరు నలభై రూపాయలకి కొన్నాడు. అసలు విలువ నూట ఇరవై అన్నాడు. ఆరేళ్ళయ్యాక అది ముప్ఫై ఆరు దగ్గర హాయిగా నిద్రపోతోంది.

"నూట పన్నెండు," అన్నాడు బావ ఆ రోజు, గేటు పక్క రేకుల షెడ్డు వైపు చూస్తూ. రెండో షిఫ్టుకి వచ్చినవాళ్ళ సైకిళ్ళ లెక్క అది. "పోయినేడు అసలు రెండో షిఫ్టే లేదు."

"సైకిళ్ళు లెక్కపెట్టడానికేనా బావా నువ్వంత చదివింది?"

"లెక్కపెట్టడానికి కాదోయ్. లెక్కపెట్టాక నోరు మూసుకు కూర్చోడానికి. ఆ చదువు నీకు అబ్బలేదు."

ఇంతలో ఆయన ఫోను మోగింది. ఎవరో బ్రోకరు. ఏదో కొత్త కంపెనీ, అందరూ ఎగబడుతున్నారు, సాయంత్రం నాలుగులోపు చెప్పకపోతే చేయి జారిపోతుంది సార్ అని పక్కన కూర్చున్న నాకు కూడా వినిపించేంత గట్టిగా అరుస్తున్నాడు. బావ మర్యాదగా వద్దని పెట్టేశాడు.

"ఒక్క సంగతి గుర్తుపెట్టుకో," అన్నాడు నాతో. "తొందరపెట్టేవాడు ఎప్పుడూ అమ్మేవాడే. నీ మంచి కోరేవాడికి నిన్ను తొందరపెట్టాల్సిన పని లేదు."

నేను వ్యాను తాళం తిప్పాను. ఈ విషయంలో మాట్లాడే మొహం నాకు లేదు. అంతకు పన్నెండేళ్ళ ముందు మార్కెట్టు కుప్పకూలినప్పుడు, నేను ఆయనింటికి పోయి నడి హాల్లో నిలబడి నానా మాటలూ అన్నాను. నా పిల్లల నోటి దగ్గర కూడు తీశావన్నాను. ఉన్నదంతా అమ్మించి, మిగిలింది పట్టుకుపోయాను. ఎనిమిది నెలలు తిరక్కుండా ఆ షేర్లన్నీ రెట్టింపయ్యాయి. నేను తల దించుకుని తిరిగొస్తే బావ ఒక్క మాట అనలేదు, డబ్బు తీసుకుని మళ్ళీ పనిలో పెట్టాడు. అక్క మాత్రం అప్పట్నుంచి నన్ను "ఒరేయ్ తొందరా" అని పిలవడం మొదలుపెట్టింది. ముద్దుగానే పిలిచేది. నాకు మాత్రం ప్రతిసారీ చెంప చురుక్కుమనేది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క మిషను మీద కుట్టడం ఆపి, ఎడమచెయ్యి పొట్ట మీద నొక్కిపెట్టుకుని కూర్చుంది.

"మళ్ళీనా?" అన్నాడు బావ.

"వస్తుంది, పోతుంది. టీ పెట్టనా?"

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?" అన్నాను.

"ఓ నెలన్నర అవుతుందేమో. నువ్వు కంగారుపడి దండోరా వెయ్యకు."

వారం తిరిగేసరికి పరీక్షలన్నీ అయ్యాయి. పెద్దాసుపత్రిలో సర్జను మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళకింద అలసట. మాట మాత్రం తిన్నగా చెప్పాడు.

"పెద్దపేగులో గడ్డ ఉందమ్మా. ముక్క తీసి పరీక్షకు పంపాం, మంచిదో చెడ్డదో స్పష్టంగా తేలలేదు. ఏదైనా సరే, దారి మూసుకుపోతోంది. నా మాట వింటే ఈ వారంలోనే తీసేద్దాం. ఆగడం మంచిది కాదు."

"తేలనిదాన్ని కొయ్యడం ఎందుకండీ?" అన్నాడు బావ.

"తేలేదాకా అది ఆగుతుందో లేదో నాకు తెలీదు కాబట్టి."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. బావకి కూడా తగిలే ఉంటుంది, తల ఊపాడు. అక్కడితో బయటపడి ఉంటే వేరేగా ఉండేదేమో. కానీ వెళ్ళేదారిలో బిల్లుల కౌంటరు ఉంది. అక్కడ టై కట్టుకున్న కుర్రాడొకడు లేచి నిలబడి, "సార్, ఇవాళే పేరు రాయించుకుంటే గది ఖర్చులో తగ్గింపుంది. శుక్రవారం దాకానే సార్ ఈ అవకాశం," అన్నాడు.

బావ మొహం చూశాను. బ్రోకరు ఫోను వచ్చినప్పుడు ఉన్న మొహమే. వాడి కర్మ ఏమిటో గానీ, ఆ పిల్లవాడు ఆ క్షణంలో నోరు మూసుకుని ఉంటే బాగుండేదని నేను ఈరోజుకీ తిట్టుకుంటాను.

తర్వాత పదిరోజులూ బావ వెనక గదిలో వార్షిక నివేదికల జోలికి పోలేదు. వైద్యం పుస్తకాలు తెచ్చుకున్నాడు. పేగుల బొమ్మలు, ఎంతమందిలో ఎంతమందికి ఏమైందన్న లెక్కలు. అక్క పరీక్షల కాగితాలు వరుసగా బల్లమీద పరిచి, పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. నేను ఇద్దర్నీ ఎక్కించుకుని మరో ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిప్పాను. ఒకాయన కోయించుకోమన్నాడు. ఇంకొకాయన అటూ ఇటూ కాకుండా మాట్లాడాడు. మూడో ఆయన పెద్దవాడు, పేరు పొందినవాడు, కత్తి పట్టడు. కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"ముక్కలో చెడ్డది కనబడలేదు కదా. వాపు కూడా కావచ్చు. మందులు వాడి, ఆరు వారాలకి మళ్ళీ చూద్దాం. మధ్యలో నొప్పి పెరిగితే మాత్రం వెంటనే రావాలి."

బయటికి రాగానే బావ అన్నాడు. "ఈయనకి అమ్మడానికి ఏమీ లేదు. గమనించావా?"

గమనించాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆయన మాట సబబుగానే తోచింది. నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. ఆలస్యం అమృతం విషం అన్నదీ వాళ్ళే. ఎవడికి కావలసింది వాడు ఏరుకోవడమే.

ఆ మంగళవారం అక్కని వ్యాన్లో తీసుకెళ్ళాను. పెళ్ళివారి బట్టలు కుట్టడం పూర్తిచేసింది, వాటిని అప్పజెప్పి రావాలి. మూటలు వెనక పిల్లల సీట్లలో పెట్టి, తను నా పక్కన కూర్చుంది. చిక్కిపోయింది. మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. ఎప్పుడూ దారిపొడుగునా నా నడపడం గురించి వెటకారాలాడే మనిషి ఆ రోజు ఏమీ అనలేదు. వంతెన దాటాక అడిగింది.

"ఒరే, నువ్వైతే ఏం చేస్తావురా?"

"దేని గురించి?"

"దేని గురించేమిటి, నా పొట్ట గురించి. నాకైతే ఆ మొదటి డాక్టరు మాటే నిజమనిపిస్తోంది. లోపల ఏదో ఉందని తెలుస్తోందిరా నాకు. గుడ్డలో ముడి పడితే వేలికి తెలిసినట్టు. తీసేస్తే పోతుంది కదా అనిపిస్తోంది."

ఎర్రదీపం పడితే బండి ఆపాను. నా మనసులో కూడా అదే ఉంది. వెంటనే వెళ్దాం పద, ఇటునుంచి ఇటే తిప్పుతాను అని నోటిదాకా వచ్చింది. అదే సమయంలో, పన్నెండేళ్ళ కిందట వాళ్ళ హాల్లో నిలబడి అరిచిన నా గొంతు కూడా గుర్తొచ్చింది. నా తొందర మాట విని బాగుపడినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు, నాతో సహా.

"బావ ఎప్పుడైనా తప్పాడా అక్కా? ఆరు వారాలే కదా, ఆగి చూద్దాం," అన్నాను.

అక్క నా వైపు తిరిగి చూసింది. "నువ్వు కూడా నిదానం నేర్చుకున్నావురోయ్," అని నవ్వింది. తర్వాత చీర కొంగుతో కిటికీ అద్దం మీద దుమ్ము తుడిచింది.

"అంతేలే. ఆగుదాం," అంది.

మొదటి మూడు వారాలూ మందులకి నొప్పి తగ్గింది. అక్క మళ్ళీ మిషనెక్కింది. బావ మొహం కాస్త తేటపడింది. నేను నా పెళ్ళాం దగ్గర గొప్పలు పోయాను, చూశావా, కోతా గీతా లేకుండా తగ్గిపోతోంది, మా బావ బుర్రంటే ఏమనుకున్నావని. నాలుగో వారం అక్క తిండి తగ్గించేసింది. అడిగితే ఎండలకి ఆకలి లేదనేది. నొప్పి ఉందా అని బావ రోజుకి మూడుసార్లు అడిగేవాడు. లేదనేది.

ఐదో వారం, బడి తెరవడానికి వారం ముందు, సూదుల ఫ్యాక్టరీ వార్త వచ్చింది. పైదేశపు పెద్ద కంపెనీ ఒకటి దాన్ని మొత్తంగా కొంటోందట. షేరు ఒక్కింటికి నూట ఇరవై ఆరు ఇస్తారట. ముప్ఫై ఎనిమిది దగ్గరున్న ఆ షేరుని ఆ రోజు అమ్మేవాడే దొరకలేదు. ఆరేళ్ళు తాబేలని నవ్విన నోళ్ళన్నీ ఆ సాయంత్రం వాళ్ళ ముందుగదిలోనే ఉన్నాయి. పోయిన నెలలో డబ్బు వెనక్కిచ్చెయ్యమని ఉత్తరం రాసిన రిటైర్డు లెక్కల మాస్టారు బావ చేతులు పట్టుకుని వదల్లేదు. "మీరు లెక్కగట్టింది నూట ఇరవై, వాడిచ్చింది నూట ఇరవై ఆరు. ఏం బుర్రండీ మీది!" అంటున్నాడు. బావ మొహమాటంగా నవ్వుతూ, "ఇది మా ఆవిడ పట్టిన కంపెనీ మాస్టారూ. నేను కూర్చున్నానంతే," అన్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

టీ ఎంతకీ రాకపోతే నేను వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. అక్క రెండు చేతులతో అలమర అంచు పట్టుకుని ఉంది. మొహం తెల్లగా పాలిపోయి, చెమటతో తడిసిపోయింది.

"వాళ్ళు వెళ్ళేదాకా ఆగరా," అంది. "ఇన్నేళ్ళకి ఒక్కరోజు వచ్చింది మీ బావకి."

నేను ఆగలేదు. అక్కని రెండు చేతులమీద ఎత్తుకుని ఆ ముప్ఫైమంది మధ్యలోంచి బయటికి నడిచాను. నవ్వుతున్నవాళ్ళు నవ్వుతూనే దారి ఇచ్చారు, వాళ్ళకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. బావ చెప్పులు లేకుండా వ్యానెక్కాడు.

గడ్డ దగ్గర పేగు చిట్లింది. లోపలంతా విషం పాకింది. అదే సర్జను, అదే అలసిన కళ్ళు, నాలుగు గంటలు తలుపు వెనకే ఉన్నాడు. అక్క నాలుగు రోజులు బతికింది. రెండోరోజు కాసేపు తెలివొచ్చి, ఎప్పుడో అప్పజెప్పేసిన పెళ్ళివారి బట్టల్లో ఒకదానికి గుండీలు కుట్టలేదు, చెప్పి పంపించండి అంది. మేము వినే చివరి మాట అదేనని తెలియక, అలాగేలే అన్నాం.

అంతా అయిపోయాక బావ ఆసుపత్రి వరండాలో ఆ సర్జను ముందు నిలబడ్డాడు. "మీరు చెప్పిన వారంలోనే చేయించి ఉంటే?" అని అడిగాడు. సర్జను ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి సార్," అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబు అని మా ఇద్దరికీ తెలిసింది. నేను గోడకి తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బావ మాత్రం ఏడవలేదు.

బడి తెరిచారు. నేను పొద్దున, సాయంత్రం పిల్లల్ని దింపి, మధ్యాహ్నాలు బావ దగ్గరికి పోయి కూర్చునేవాణ్ణి. ఆయన ఒక్కొక్కరికీ ఉత్తరం రాసి, ముప్ఫైమంది డబ్బూ లాభంతో సహా తిరిగి ఇచ్చేశాడు. ఇంకెవరి డబ్బూ చూడనన్నాడు. మాస్టారు వచ్చి బతిమాలినా వినలేదు. ముందుగదిలో మిషను మీద దుప్పటి కప్పేసి ఉంది.

ఓ మధ్యాహ్నం వెనక గదిలోకి రమ్మన్నాడు. కిటికీ తలుపులు తెరిచే ఉన్నాయి. బల్లమీద ఒక తెల్లకాగితం ఉంది. ఆయనకో అలవాటుంది. ఏ కంపెనీలోనైనా దెబ్బతింటే, ఎక్కడ తప్పాడో కచ్చితంగా ఆ చోటు దొరికేదాకా వెనక్కి తవ్వుకుంటూ పోయేవాడు. ఒక్కోసారి నెలలు పట్టేది. దొరికాక మనసు కుదుటపడేది, దొరక్కపోతే పిచ్చిపట్టినట్టుండేవాడు.

"కూర్చో. ఒక్కచోట నాకు అంతు చిక్కట్లేదు," అన్నాడు.

"వద్దు బావా. ఇంక తవ్వకు."

"విను. ఆ మంగళవారం పొద్దున నేను మీ అక్కకి చెప్పేశాను. చదవాల్సింది చదివాను, నాకు ఎటూ తేలట్లేదు, ఒళ్ళు నీది, నువ్వెలా అంటే అలా అన్నాను. కోయించుకుంటానంటే ఈ రోజే వెళ్దామన్నాను. బట్టలిచ్చొచ్చి చెప్తానంది. కోయించుకుంటాననే చెప్తుందని నాకు తెలుసు, దాని మొహంలోనే ఉంది. నువ్వొచ్చి తీసుకెళ్ళాక నేను సంచీ కూడా సర్దాను. తువ్వాళ్ళు, దువ్వెన, కళ్ళజోడు అన్నీ పెట్టాను."

ఆ సంచీ సంగతి నాకు తెలియదు. అప్పటిదాకా నేను ఎంత ఏడ్చినా, లోలోపల ఒక మూల, నిర్ణయం బావది, నేను వంత పాడానంతే అని చెప్పుకుంటూ వచ్చాను.

"తిరిగొచ్చి, ఆగుదామండీ అంది," అన్నాడు బావ. "వెళ్ళేటప్పుడు ఒక మనసుతో వెళ్ళి, వచ్చేటప్పుడు ఇంకో మనసుతో ఎలా వచ్చింది? అక్కడే తెగట్లేదు నాకు. దారిలో నిన్నేమైనా అడిగిందా?"

ఆయన నన్ను నిలదీయడం లేదు. నిందించడం కూడా లేదు. దొరకని చోటొకటి వెతుక్కుంటున్నాడు, నాకు తెలుస్తుందేమోనని అడిగాడు. నేను నోరు తెరిచి "అడిగింది బావా" అనుంటే, ఆయన ఓసారి నిట్టూర్చి ఆ కాగితం మడిచేసేవాడు. నన్ను ఒక్క మాట కూడా అనేవాడు కాదు. అది తెలిసే నాకు ఇంకా భయమేసింది.

"లేదు బావా," అన్నాను. "ఏమీ అడగలేదు. నీరసంగా ఉందని దారంతా కళ్ళు మూసుకునే కూర్చుంది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తర్వాత తనలో తాను చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అన్నాడు.

"అయితే నా మొహం చూసే అనుంటుంది. నోటితో నీ ఇష్టం అన్నాను గానీ, నా మొహం ఆగమనే చెప్పుంటుంది. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలీదా?"

పెన్సిలు తీసుకుని కాగితం మీద ఒక్క ముక్క రాశాడు. ఏం రాశాడో నేను చూడలేదు. అప్పుడు ఏడ్చాడు, అన్నాళ్ళకి. నేను వీపు నిమురుతూ పక్కనే నిలబడ్డాను.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. బావ ఆ గదిలోనే ఉంటున్నాడు. నేను రోజూ వెళ్తాను, మందులు తెచ్చిస్తాను, నోటికొచ్చిన వేళాకోళం ఆడతాను. చెప్పేద్దామని బయల్దేరిన రోజులు లెక్కలేనన్ని ఉన్నాయి. స్వయంగా చూసి సరిపోల్చుకుంటే తప్ప లోకంలో ఎవరి మాటా నమ్మని మనిషి, నా మాట ఒక్కటి ఊరికే నమ్మేశాడు.